రెండు రూపాయల ఔదార్యం

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ఊళ్ల నుంచి మేస్త్రీ చేతి అడ్వాన్సుతో బస్సెక్కి, ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసిన పాలమూరు లేబర్‌ను ఢిల్లీ మరిచిపోయిందనడం అన్యాయం. 2019లో జాతీయ కనీస కూలిని రోజుకు 176 నుంచి 178 రూపాయలకు పెంచింది మరి! అక్షరాలా రెండు రూపాయలు. అదీ సలహాగానే, ఇచ్చి తీరాలని కాదు. కేంద్రమే వేసిన అనూప్ శత్పథి కమిటీ అదే ఏడాది తిండి, బట్ట, గూడు లెక్కగట్టి 375 ఉండాలంది. ఆ లెక్క అటకెక్కింది. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి 307. అంటే సర్కారే పెద్ద మేస్త్రీ.

కూలి పెంచితే యజమాని మునుగుతాడని కొందరి బెంగ. చిన్న రైతు విషయంలో అది ఉత్తి సాకు కాదు. కానీ అతడికి కావలసింది గిట్టుబాటు ధర, కూలీ కడుపు కొట్టడం కాదు. ఇక కంపెనీల సంగతి 1961లోనే కేరళ పెంకుల పరిశ్రమ కేసులో తేలింది: కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని తాహతు చూడక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఒప్పుకునే కదా వచ్చారు’ అనేవారికి 1982 ఏషియాడ్ కేసు తీర్పుంది: ఆకలికి తలొగ్గి ఒప్పుకున్నా సరే, కనీసం కన్నా తక్కువిస్తే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టే. 1979 వలస కార్మికుల చట్టమైతే, 2025లో రద్దయ్యేదాకా, దారి ఖర్చులు కూడా కాంట్రాక్టరే ఇవ్వాలంది. అడిగి చూసే వీలుండేది. అడిగినవాడి ఫోన్ మరుసటి సీజన్‌లో మేస్త్రీ ఎత్తేవాడు కాదు, అది వేరే సంగతి.