క్లైమాక్స్ అదిరిందట!

సినిమాలో హీరో ఎన్‌కౌంటర్ చేస్తే చప్పట్లు కొడతామట. నిజంగా దమ్మున్నవాడెవరో చేస్తే మాత్రం ఢిల్లీ నుంచి మానవ హక్కుల కమిషన్ దిగుతుందట. 2019 డిసెంబర్‌లో ఒక సోమవారం ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిగారి బాధ ఇది. ముఖ్యమంత్రిగారే సినిమా లెక్కన చూశాక మనకెందుకు మొహమాటం? రివ్యూ రాసేద్దాం. పదిరోజులు నడిచింది కాబట్టి సీరియల్ అందాం. నిర్మాణం అప్పటి కమిషనర్ సజ్జనార్‌గారి సైబరాబాద్ పోలీస్. ప్రసారం అన్ని ఛానళ్లలోనూ.

పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురిని కాల్చిచంపిన చివరి ఎపిసోడ్‌కి, డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి పొలాల్లో తీసిన దానికి, జనం బ్రహ్మరథం పట్టారు. పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, రాఖీలు కట్టారు. హైటెక్ సిటీలో ఏ కాఫీ మెషీన్ దగ్గర విన్నా ఐదుకి ఐదు స్టార్లే. "సజ్జనార్ సార్ కేక బ్రో," అన్నాడో టీమ్ లీడ్. "2008లో వరంగల్ యాసిడ్ కేసులోనూ ఇదే క్లైమాక్స్. అప్పుడు ముగ్గురు, ఇప్పుడు నలుగురు. సీక్వెల్ అంటే రేంజ్ పెరగాలి కదా!" కోర్టు సీన్లు లేకుండా కథ పరుగెత్తించినందుకు ప్రత్యేక అభినందనలు కూడా అందాయి.

నాకు బాగా నచ్చింది టెస్టింగ్ వాళ్ల రివ్యూ. లాగిన్ పేజీలో బటన్ రంగు మారితే అర్ధరాత్రి డెవలపర్‌ని నిద్రలేపే జాతి అది. పదిమంది సాయుధ పోలీసుల చేతుల్లో ఉన్నవాళ్లు తుపాకులు లాక్కున్నారు, రాళ్లూ కర్రలతో తిరగబడ్డారు, నలుగురూ చచ్చిపోయారు, పోలీసులు మాత్రం గాయాలతో బయటపడ్డారు. ఇందులో బగ్ ఏమైనా కనిపించిందా అని అడిగాను. "ఏం లేదు సార్, క్లోజ్ చేసేయండి," అన్నారు. చట్టం తన పని తాను చేసిందని కమిషనర్‌గారు చెప్పాక ఇంక టెస్టింగ్ దేనికి?

మొదటి ఎపిసోడ్‌కి మాత్రం రివ్యూ రాసినవాడు లేడు. గచ్చిబౌలి నుంచి తిరిగొచ్చిన ఆ పశువైద్యురాలు తొండుపల్లి టోల్‌గేట్ దగ్గర, పంక్చరైన స్కూటీతో, భయంభయంగా చెల్లెలికి ఫోన్ చేసింది. చదువుకున్న పిల్ల, 100కి చెయ్యాల్సింది కదా అని తెలంగాణ అప్పటి హోంమంత్రి మహమూద్ అలీగారు తర్వాత సెలవిచ్చారు. 100కి చేస్తే ఎవరొచ్చేవాళ్లు? ఆ రాత్రి ఆమె కోసం స్టేషన్‌కి పరుగెత్తిన ఇంటివాళ్లని ఇది మా పరిధి కాదని ఇంకో స్టేషన్‌కి తిప్పినవాళ్లేగా! ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. ఆ సంగతి ఇప్పుడెవడికీ గుర్తు లేదు, పూలు చల్లింది అందుకే.

ఆ నలుగురే చేశారా? చేసుంటే, ఆమె తల్లి ముందు, కోర్టులో రుజువు చేసి శిక్ష వేయించడం మీకు చేతకాదా? చేతకానితనానికా ఈ హారతులు? 21 రోజుల్లో తీర్పు చెప్పే చట్టం తెస్తామన్నారు జగన్‌గారు, మంచిదే. ఆడపిల్ల కనిపించడం లేదని ఒక తండ్రి వస్తే, ఫిర్యాదు రాసుకోవడానికి మీ స్టేషన్లకి ఎన్ని గంటలు కావాలో ముందు అది చెప్పండి.