వడ్డాణానికి కొలిచిన నడుము

పెళ్లికూతురు ప్యాకేజీ రేటు తగ్గించారట. శ్రావణమాసం స్పెషల్. 45 రోజుల్లో 10 కిలోలు పోతాయి, పోకపోతే డబ్బు వాపసు. పోస్టరు మీరూ చూసే ఉంటారు. ఎడమ పక్కన బొద్దుగా, ఏడుపు మొహంతో ఒకమ్మాయి. కుడి పక్కన అదే అమ్మాయి పుల్లలా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. కింద బంగారు రంగు అక్షరాల్లో: ‘అమ్మమ్మ వడ్డాణం మీ నడుముకు!’

మిగతాదంతా సహించేవాణ్ణేమో గానీ, ఈ వడ్డాణం దగ్గర నాకు తిక్క రేగింది.

అమ్మమ్మ పెళ్లి నాటికి ఆవిడ వయసెంత? మా వైపు ఆ రోజుల్లో పద్నాలుగు, మహా అయితే పదిహేను. అంటే ఆ వడ్డాణం ఒక పసిపిల్ల నడుముకు చేయించింది. ఇప్పుడు అందులోకి 26 ఏళ్ల మనవరాలు దూరాలి. ఇంజనీరింగ్ చదివి, గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులు చేసి, ఎముకా కండా పట్టిన ఆడమనిషి! బాల్యవివాహం తప్పని చట్టం చేసుకున్నాం. ఆ పెళ్లికూతురి నడుము మాత్రం వారసత్వంగా కావాలి మనకి.

పోనీ, ఆ నగేమైనా రాతితో చెక్కిందా? కంసాలి దగ్గరికి పట్టుకెళ్తే రెండు బిళ్లలు అతికి పెడతాడు. లేదంటే వెనకాల చిన్న గొలుసు వేస్తాడు. పైటా జడా పడితే అది ఎవరికీ కనపడదు. సాయంత్రానికల్లా పని అయిపోతుంది. అయినా సరే, బంగారం కదలకూడదు, పిల్లే తగ్గాలి. నగల దుకాణంలో తరుగు ఒక్క శాతం ఎక్కువ వేశాడని గంటసేపు పోట్లాడే కుటుంబమే, కన్నపిల్లకి 10 కిలోల తరుగు వేస్తానంటే అడ్వాన్సు కట్టి రసీదు తెచ్చుకుంటోంది.

ఒకప్పుడు పిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి పెట్టేవారు, సున్నుండలు తినిపించేవారు, నడుము గట్టిపడాలని. ఇప్పుడా నడుమే కేసులో ముద్దాయి.

జాకెట్టు కావాలనే రెండంగుళాలు తక్కువ కుట్టించి బీరువాకి వేలాడదీసే తల్లుల గురించి రాయను. మధుమేహానికీ స్థూలకాయానికీ డాక్టరు చూసి రాయాల్సిన వారానికో ఇంజెక్షన్ పసుపు దంచే ముహూర్తానికి ముందే మొదలవుతున్న ముచ్చటా రాయను. ఇక ‘లంఖణం పరమౌషధం’ అంటూ ప్రతి పోస్టరు మీదా తగిలిస్తున్నారే, అది జ్వరం వచ్చినవాడికి చెప్పిన మాటండీ. జ్వరం లేనివాడికి జబ్బు తెప్పించే మందు కాదు.

ప్యాకేజీలో చేరిన పిల్ల నెల తిరిగేసరికి ఎవరి గృహప్రవేశానికో వెళ్తుంది. అక్కడ పిన్నులూ అత్తయ్యలూ చుట్టూ మూగుతారు. ‘ఎంత సన్నబడ్డావే! ఏం చేశావో మా దానికీ చెప్పవే’ అంటారు. ఏం చేసిందో చెప్పనా? మజ్జిగలో నీళ్లు కలిపింది, తర్వాత మజ్జిగ మానేసింది. కంచంలో అన్నం చుట్టూ తిప్పి, చేతిరుమాల్లో చుట్టి పారేసింది. ఆఫీసులో తిన్నానని ఇంట్లో, ఇంట్లో తిన్నానని ఆఫీసులో చెప్పింది. మీరు చప్పట్లు కొడుతున్నది వీటికి.

డైటు చేసిన ప్రతి పిల్లకీ అనొరెక్సియా, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక వ్యాధి, రాదు, నిజమే. ఆ జబ్బుకి వంశపారంపర్యం ఉంది, మనస్తత్వం ఉంది, పరిస్థితులున్నాయి. కానీ ఎవరి ఒంట్లో నిప్పు ఉందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. కడుపు మాడ్చడమనే అగ్గిపుల్ల మాత్రం అందరి చేతికీ ఇస్తున్నాం, ఆఫర్లో.

ఇదేదో ఇన్‌స్టాగ్రామ్ పుట్టాక వచ్చిన వింత రోగం కూడా కాదు. 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసేగ్ అనే వైద్యులు విడివిడిగా దీని గురించి రాశారు. ఒకటిన్నర శతాబ్దం గడిచింది. మన చుట్టాలు ఇంకా దానికి పెట్టే పేరు ‘పొగరు’. ఎముకలు లెక్కపెట్టగలిగేంతగా చిక్కిపోయిన పిల్లని పట్టుకుని ‘ఒళ్లు బలిసి తినడం లేదు’ అంటారు!

పొగరు కాదు. మానసిక వ్యాధుల్లో ప్రాణం తీయడంలో ఇది ముందు వరుసలో ఉంది. గుండె లయ తప్పి పోయేవాళ్లు కొందరు, ఆత్మహత్య చేసుకునేవాళ్లు కొందరు. 2025లో కేరళలో 18 ఏళ్ల పిల్ల లావైపోతానన్న భయంతో తిండి మానేసి చనిపోయింది. మనం రెండు రోజులు ‘అయ్యో’ అనుకున్నాం. మూడో రోజు ఎవరో ఏడు రోజుల వాటర్ ఫాస్టింగ్ ఛాలెంజ్ వీడియో పంపారు. లైక్ కొట్టాం.

‘దానికి ఆకలే వేయదండీ’ అంటారు. ఎందుకు వేయదు? దహించుకుపోతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూశారు. వాళ్ల తలలో తిండి తప్ప మరేమీ మిగల్లేదు. వంట పుస్తకాలు పోగేసుకున్నారు, మెనూలు చదువుకున్నారు, ఉన్న ముద్దనే గంటల తరబడి నమిలారు, నీరసించారు, నిస్పృహలో పడ్డారు. కాబట్టి మీ అమ్మాయి అర్ధరాత్రి బిర్యానీ వీడియోలు చూస్తూ, ఇంటిల్లిపాదికీ వండి పెట్టి తను మాత్రం ముట్టకపోతే ‘వంటంటే ఎంతిష్టమో, అత్తారింట్లో పేరు తెస్తుంది’ అని మురిసిపోకండి. బెజవాడలో, మే నెలలో, చలేస్తోందని స్వెట్టర్ వేసుకుంటే అది నాజూకుతనం కాదు. దువ్వెన నిండా జుట్టు, చేతుల మీద కొత్తగా నూగు, నెలల తరబడి రాని నెలసరి... ఇవన్నీ ఒళ్లు పెడుతున్న కేకలు. లోకం కళ్లకి లావుగానే ఉన్న పిల్లకీ ఇది రావచ్చు. మగపిల్లలకీ వస్తుంది, వాళ్లది జిమ్ము ఖాతాలో రాస్తాం.

తీరా పిల్ల కళ్లు తిరిగి పడ్డాక మనకి ప్రేమ పుట్టుకొస్తుంది. ఆవకాయ, నెయ్యి, ముద్దపప్పు కలిపి ‘తింటే అదే పోతుంది’ అని కుక్కుతాం. చాలా కాలం పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆసుపత్రిలో రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. ఆ తర్వాత పూటపూటా పక్కన కూర్చుని, తిట్టకుండా, బతిమాలకుండా, పట్టు విడవకుండా తినిపించాల్సింది అమ్మానాన్నలే. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు పిల్లల విషయంలో ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. నెలల పని అది.

కానీ మనం మానసిక వైద్యుడి దగ్గరికి ఎలా వెళ్తాం? ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అన్న మాట చెవిన పడితే సంబంధం తప్పిపోదూ! ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్ల 14416కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. గుమ్మం దాటక్కర్లేదు కూడా. ఆ నంబరుకి పోస్టర్లు లేవు పాపం.

చివరికి ఉండబట్టలేక ఆ ప్యాకేజీ వాళ్ల ఫారం తెప్పించి చూశాను. ముహూర్తం తేదీ అడిగారు. రిసెప్షన్‌కి వేసుకునేది లెహంగానా, పట్టుచీరా అని అడిగారు. వడ్డాణం కొలత అంగుళాల్లో అడిగారు. నెలసరి సరిగ్గా వస్తోందా, ఈ మధ్య కళ్లు తిరిగాయా, చివరిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నారు అన్న గడులు లేవు. ఫోన్ చేసి అవి కూడా చేర్చరాదా అన్నాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది: ‘సార్, అవన్నీ అడిగితే కస్టమర్లు భయపడి వెళ్లిపోతారండీ.’