అగ్రతాంబూలము

నాగారమున కాపురముండి నాచారము పారిశ్రామికవాడలో ఉద్యోగము వెలగబెట్టుచున్న నాకు, ఈమెయిలు వ్రాయుట యనగా విషయము తెలుపుటయే యని మొన్నమొన్నటి వరకు నుండిన భ్రమ, మంచినీటి ట్యాంకరు రాలేదన్న రెండు వాక్యముల లేఖతో పటాపంచలైనది. పక్షపాతదోష మంటకుండుటకై గ్రహీతల పేర్లను ఆంగ్ల వర్ణక్రమమున పేర్చితిని. జమాఖర్చుల గుమాస్తా మొదట నిలిచెను; జనరల్ మేనేజరుగారు స్టోర్సు బాబుకును వాచ్‌మన్ల సూపర్వైజరుకును నడుమ ఇరుకున పడిరి.

"ఏం సార్, మేం మీ కండ్లకు ఆనుతలేమా?" అని మేనేజరుగారు నిలదీసినపుడు గాని నాకు బోధపడలేదు. రాజసూయమున అగ్రపూజ యెవరికన్న తగవులో శిశుపాలుని తలయే తెగిన కథ విని పెరిగినవాడను, పెండ్లిపత్రికలో మేనమామ పేరు ఒక పంక్తి దిగజారినందుకు విందు మాని లేచిపోయిన చుట్టములు గలవాడను, ఇంతమాత్ర మెరుగవలదా!

యంత్రమున కీ తారతమ్యము లేదు. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు, పేరునకును నెలవునకును నడుమ ఆ తోకచుట్టిన గుర్తు నుంచెనే కాని, పెద్ద యెవరు చిన్న యెవరని విచారింపలేదు. సీసీ, అనగా కార్బను కాపీ, సంగతి వేరు. టైపు మిషను కాలమున కార్బను క్రిందికి పోయినకొలది అక్షరము మసకబారెడిది. నేడు అక్షరము మసకబారదు, అందున్నవాని ముఖము మసకబారును.

మా నాగారము మీదుగా పోవు బాటనే కీసరగుట్ట. శ్రీరాముడు కాశినుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపి, ముహూర్తము మించుచుండగా, శివుడే యొసగిన లింగమును ప్రతిష్ఠించెననియు, 101 లింగములతో ఆలసించి వచ్చిన మారుతి అలిగి వానిని గుట్టయంతట విసరివైచెననియు, స్వామి ఆయనకు పూజలో ప్రాధాన్యమిచ్చి, గుట్టకు తండ్రి కేసరి పేరు పెట్టి శాంతింపజేసెననియు స్థలపురాణము. మా మేనేజరుగారును 'రిప్లై ఆల్' నొక్కి తమ అలుకను కార్యాలయమంతట విసరివైచిరి. కాని వారి తండ్రిగారి పేరు పెట్టుటకు నా చేతిలో గుట్టలేవి?

తరువాతి లేఖలో వారిని మొదట నిలిపి గండము గడచితి ననుకొంటిని. అయితే వారి క్రింద సమానహోదా గల డిప్యూటీ లిద్దరు. వియ్యంకులకు వడ్డించునట్లు, ఎవరికి వారే ముందుండునట్లు రెండు వేర్వేరు లేఖలు పంపితిని. మధ్యాహ్నపు చాయ్ వేళ ఒకరి ఫోను నొకరు చూచుకొనిరి.

నాటినుండి లేఖలు మాని, నోటితోనే చెప్పివచ్చుచున్నాను. ముందెవరి గదికి పోవలెనన్న చిక్కు లేకపోలేదు. అదృష్టవశమున వారి తలుపులు ఎదురెదురుగా నున్నవి కనుక, నడవ నడుమ నిలిచి, గోడగడియారమును చూచుచు, ట్యాంకరు నేడును రాలేదని విన్నవించుచున్నాను.