ఏ గ్రూపురా అబ్బాయ్?

మా వీధి చివరింట్లో ఆరో తరగతి పిల్లాడొకడున్నాడు. మొన్న పొద్దున్నే పాలపాకెట్టు కోసం వెళ్తుంటే బస్సు కోసం నిలబడి కనిపించాడు. వీపు మీద వాడంత సంచీ. "ఏం చదువుతున్నావురా?" అన్నాను. ఆ వయసు పిల్లలు క్లాసు చెబుతారు, లేదంటే స్కూలు పేరు చెబుతారు. వీడు చేతిలో కాగితం నుంచి తలెత్తకుండా "మెడికల్ ఫౌండేషన్, తాతగారూ" అన్నాడు. పదకొండేళ్లు వాడికి! నీట్ రాయడానికి ఇంకా ఆరేళ్ల పైనే ఉంది. ఈలోగా వాడు క్రికెట్ ఆడితే తప్పు, బొమ్మలేస్తే తప్పు, జ్వరం తెచ్చుకున్నా తప్పే. డాక్టరు కావాలని నీకెప్పుడనిపించిందిరా అని అడుగుదామనుకునేలోగా బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

అబ్బాయ్, అమ్మాయ్, మీకు విసుగొచ్చినా సరే, మా రోజుల్లో గ్రూపు ఎలా తీసుకున్నామో చెబుతాను. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ణి. బైపీసీ గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఉంది.

నేను టెన్త్ గట్టెక్కింది 1973లో. జై ఆంధ్ర గొడవల్లో స్కూళ్లు నెలల తరబడి మూతపడి, చదువు అంతంతమాత్రంగా సాగిన ఏడాది అది. వానలు పట్టాక మా నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తొమ్మిది మైళ్లు తొక్కి కాలేజీకి తీసుకెళ్లాడు. దారిలో మా సైన్సు మాస్టారింటి దగ్గర ఆగాడు. "మాస్టారూ, వీణ్ణి దేంట్లో వెయ్యమంటారు?" అన్నాడు. మాస్టారు అరుగు మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్నారు. తల పైకెత్తి నన్నొకసారి చూసి, "వీడు గట్ల వెంట మిడతల్ని పట్టి అగ్గిపెట్టెల్లో పెడుతుంటాడు గదయ్యా, బైపీసీ రాయించు" అన్నారు. అంతే, రెండు నిమిషాలు. కానీ ఆ రెండు నిమిషాల వెనక ఆయన నన్ను చూసిన ఐదేళ్లున్నాయి.

నాతోపాటు చదివినవాడొకడు, వాళ్లమ్మ వీణ్ణి డాక్టర్ని చెయ్యాలని ముడుపు కట్టింది. వాడేమో ఇంట్లో కోడిని కోస్తుంటే పెరటి గోడ దాటి పారిపోయేవాడు. మాస్టారు వాళ్లమ్మను కూర్చోబెట్టి నచ్చజెప్పి వాణ్ణి ఎంపీసీలో చేర్పించారు. కరెంటాఫీసులో చేరి, పరువుగా బతికి, పరువుగా రిటైరయ్యాడు. మరి ఇవాళ? రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లాడికి కూడా మూడేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించి మరీ పంపుతున్నారు. అప్పుడు పిల్లాణ్ణి చూసి గ్రూపు చెప్పేవాళ్లు. ఇప్పుడు గ్రూపు ముందే పెట్టుకుని, దానికి సరిపడేట్టు పిల్లాణ్ణి నాలుగు వైపులా చెక్కుతున్నారు. నా బాధంతా అదే.

ఇక ఆ బైపీసీ చదువెలా ఉండేదనుకున్నారు! పుస్తకాలు తెలుగు అకాడమీవి. 1968లో పెట్టారు ఆ అకాడమీని, పి.వి.నరసింహారావుగారు తొలి అధ్యక్షులు. పత్రహరితం, కిరణజన్య సంయోగక్రియ, నాళికాపుంజాలు... ఆ మాటలు మొదట నోరు తిరిగేవి కాదు గానీ, తిరిగాక మాత్రం వదిలేవి కావు. బోటనీ ల్యాబులో పొద్దుతిరుగుడు కాండాన్ని బెండు మధ్య పెట్టి, బ్లేడుతో పల్చగా కోసి, సాఫ్రనిన్ వేసి మైక్రోస్కోపు కింద పెడితే, నాళికాపుంజాలు వలయంలా కూర్చుని ఉండేవి. మొక్కజొన్న కాండం కోస్తే చెదురుమదురుగా ఉండేవి. పుస్తకంలో ఆ వాక్యం అంతకుముందు పదిసార్లు చదివాను. చూసింది ఒక్కసారే, యాభై ఏళ్లయినా కళ్లకు కట్టినట్టుంది. చెయ్యి వణికితే కోత మందంగా వచ్చేది, లెక్చరరుగారు తీసి అవతల పారేసి "మళ్లీ కొయ్యి" అనేవారు. ఒక్కోసారి ఇరవై కోతలకు గానీ ఒకటి కుదిరేది కాదు. సర్జనుకు కావలసిన చెయ్యి అక్కడ తయారవుతుందని మాకు అప్పుడెవరూ చెప్పలేదు, దాని పాటికది తయారైంది.

కెమిస్ట్రీ ల్యాబులో కిప్పు ఉపకరణం నుంచి కుళ్లిన కోడిగుడ్డు కంపు వచ్చేది. ఆ వాసనతో ఇంటికెళ్తే మా అమ్మ గుమ్మంలోనే చొక్కా విప్పించేది. జువాలజీలో బొద్దింక ముఖభాగాలు ఊడదీసి స్లైడు మీద వరసగా పేర్చాలి. కప్పను కోసి రక్తనాళాలు చూపించాలి. ఇప్పుడు కప్పల్ని కోయనివ్వడం లేదు, అది మంచిదే, ఒప్పుకుంటాను. నేను కూడా ఆ రోజుల్లో కోసిన కప్పల గురించి తలుచుకుని బాధపడ్డాను. కానీ కప్ప పోయిన చోట ఇంకేదో రావాలి గదా? వచ్చింది తాళం. నేను రిటైరయ్యే ముందు ప్రాక్టికల్ పరీక్షలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్తే, రెండేళ్లుగా తెరవని ల్యాబుల్ని పరీక్ష కోసమే దులిపించారు. పిల్లలకు ఫోర్సెప్స్ పట్టుకోవడం రాదు. మార్కులు మాత్రం ముప్పైకి ముప్పై వెయ్యాలి. వేశాను కూడా, తప్పు నాది కూడా ఉంది అందులో.

ఎంట్రన్సు వల్లే ఇదంతా పాడైందని చాలా ఏళ్లు అందరితో వాదించాను. అది పూర్తి నిజం కాదు. మా రోజుల్లోనూ ఎంట్రన్సుంది. 1970లోనే మన ప్రభుత్వం మెడికల్ సీట్లకు ప్రవేశ పరీక్ష పెడితే, పీయూసీలో మంచి మార్కులొచ్చినవాళ్లు కోర్టుకెళ్లారు. మరుసటేడు సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఉందని తీర్పు చెప్పింది. 1986లో ఎంసెట్ వచ్చింది. 2013లో నీట్ అన్నారు, ఆ ఏడే కోర్టు కొట్టేసింది, 2016లో మళ్లీ తీసుకొచ్చింది. 2017 నుంచి మన రెండు రాష్ట్రాల సీట్లూ దాంతోనే. పరీక్ష ఎప్పుడూ ఉంది. లేనిదల్లా ఈ ఆరో తరగతి ఫౌండేషనే. మేం గుంటూరు మెడికల్ కాలేజీకో, కాకినాడ రంగరాయకో అప్లికేషన్ పెట్టాం, సీటొస్తే వెళ్లాం, రాకపోతే బీయస్సీలో చేరాం. నాకు రాలేదు. నాలుగు రోజులు అన్నం తినలేదు, ఐదో రోజు మా అమ్మ గోంగూర పచ్చడి నూరింది, తిన్నాను. ఎమ్మెస్సీ చేసి అదే జువాలజీ జీవితమంతా చెప్పాను. సీటు పోయిందే తప్ప సబ్జెక్టు పోలేదు నాకు. ఇప్పటి పిల్లలకు సీటు పోతే ఆ సబ్జెక్టు మొహం కూడా చూడబుద్ధి కావడం లేదు. ఎలా చూస్తారు? నూట ఎనభై నిమిషాల్లో నూట ఎనభై ప్రశ్నలు, ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. ఏడొందల ఇరవైలో సగం మార్కులు బయాలజీవే. ఆ సగం కోసం ఆరేళ్లు బుడగలు నింపీ నింపీ, మందార పువ్వును చూసినా నాలుగు ఆప్షన్లే కనిపిస్తున్నాయి వాళ్లకు.

ఇంకొకటి చెప్పాలి. అసలు ఇది చెబుదామనే కూర్చున్నాను, ల్యాబుల మీదికి వెళ్లిపోయాను.

ఇంటర్‌లో చేరేటప్పుడు గ్రూపుతోపాటు సెకండ్ లాంగ్వేజ్ అని ఒక గడి ఉంటుంది. మా రోజుల్లో అక్కడ కళ్లు మూసుకుని తెలుగు అని రాసేవాళ్లం. ఇప్పుడు బైపీసీ పిల్లలు ఎక్కువ మంది సంస్కృతం. సంస్కృతం మీద ప్రేమతో కాదు, వందకు తొంభైతొమ్మిది వస్తాయని. మా అక్క మనవరాలు రెండేళ్లు సంస్కృతం చదివింది, దేవనాగరిలో తన పేరు రాయమంటే రాయలేకపోయింది. సంస్కృతం మీద నాకు కోపం లేదు, మా నాన్నగారికి అమరం కంఠతా వచ్చు. సంస్కృతమూ రాకుండా తెలుగూ పోగొట్టుకుంటే ఎలాగనే నా ఏడుపు. పైగా, నీట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు వెయిటేజీయే లేదు. మరి ఆ తొంభైతొమ్మిది దేనికి? గేటు మీద ఫ్లెక్సీకి.

ఆ మధ్య మా ఊరి నుంచి ఒక పెద్దావిణ్ణి పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చిన్న డాక్టరు, పాతికేళ్లుంటాయి, ఓర్పుగా, మర్యాదగా ఉన్నాడు, తెలుగువాడే. ఆవిడ "కాళ్లు ఒకటే తీపులు బాబూ, రాత్రంతా నిద్ర లేదు" అంది. ఆ అబ్బాయి కాస్త ఆలోచించి "స్వీట్లు ఎక్కువ తింటావా అమ్మా? షుగరుందా?" అన్నాడు. పల్లెల్లో కాళ్ల నొప్పిని తీపులంటారని వాడికి తెలియదు. ఆవిడ నా మొహం చూసింది, నేను వాడి మొహం చూశాను. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. పదో తరగతి తర్వాత వాడి చేత ఒక్క తెలుగు పుట చదివించినవాళ్లెవరు?

రోగం ముందు మాటలోనే కనబడుతుంది నాయనా. పోటు వేరు, సలుపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. కడుపులో దేవుతోందంటే ఒకటి, కడుపులో మెలిపెడుతోందంటే ఇంకొకటి. నవ పుడుతోందనే ముసలాయన ఆ మాటకు ఇంగ్లీషు వెతుక్కుని రాడు గదా నీ దగ్గరికి. తెలుగు రాని డాక్టరుకు రోగి చెప్పే కథలో సగం వినపడదు. మిగతా సగానికి స్కానింగ్ రాయాలి. ఆ డబ్బు ఆ పెద్దావిడ కొంగుముడిలోంచి రావాలి.

అన్నీ చెడిపోయాయని మా ఇంట్లో అంటే నా మనవరాలు ఊరుకోదు, లెక్క చెబుతుంది. దాని లెక్కలో న్యాయముంది. నాతోపాటు బైపీసీలో ఆడపిల్లలు ఐదుగురే, నేను రిటైరయ్యేనాటికి క్లాసులో సగానికి పైగా వాళ్లే. ఇప్పుడు నీట్ తెలుగులో కూడా రాసుకోవచ్చు. బయాలజీ రెగ్యులర్‌గా చదవనివాళ్లు అదనపు సబ్జెక్టుగా రాసినా చెల్లుతుందని 2023లో మెడికల్ కమిషన్ చెప్పింది. ఆంధ్రలో 2025-26 నుంచి బైపీసీ పిల్లలు కావాలంటే లెక్కలూ తీసుకోవచ్చన్నారు, దానికి నేను చప్పట్లు కొడతాను. పదిహేనేళ్లకే లెక్కలకు దండం పెట్టి, ఆ తర్వాత ఫిజిక్సులో లాగరిథమ్ కనబడితే బెదిరిపోయిన పిల్లల్ని ముప్పై ఏళ్లు చూశాను. అదే చేత్తో బోటనీని, జువాలజీని కలిపి బయాలజీ అని ఒకటే సబ్జెక్టు చేశారు. అది మాత్రం నాకు మింగుడు పడలేదు. మా బోటనీ లెక్చరరుగారూ నేనూ పక్కపక్క గదుల్లో పాతికేళ్లు పోట్లాడుకుని బతికాం, మమ్మల్ని ఒక్క గదిలో వెయ్యడమేమిటి?

మళ్లీ ఆ ఆరో తరగతి ఫౌండేషన్ సంగతికొస్తే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. ఇప్పటి పద్ధతిలో ఆయన ఎనిమిదో తరగతిలోనే వెనక సెక్షనుకు పోయేవారు. ఫైలేరియాకు ఇవాళ్టికీ మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర ఆయన ప్రయోగశాలలోంచి వచ్చిందే. ఆలస్యంగా తెరుచుకునే బుర్రలుంటాయి అబ్బాయ్, వాటికి కాస్త గడువివ్వాలి.

తల్లిదండ్రులకు చెబితే వినరు, కాలేజీల వాళ్లకు చెప్పి లాభం లేదు. అందుకని నీకే చెబుతున్నాను. వచ్చే ఏడు నువ్వు ఇంటర్ ఫారం నింపుతావు. గ్రూపు గడిలో ఏం రాసినా, ముందు ఒక్క ఆదివారం ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చుని రా. అక్కడి వాసన, అక్కడి ఏడుపు, అక్కడి రక్తం చూశాక కూడా లోపలికి వెళ్లాలనిపిస్తేనే బైపీసీ అని రాయి. రాశాక దాని కిందున్న గడిలో సంస్కృతం అని రాయమంటారు, మార్కులు పోతాయని భయపెడతారు. వాళ్ల మాట వినకు. తెలుగు అని రాయి.