డాక్టరు గారు ఆదివారం మాత్రమే నడిపిన బండి

హైదరాబాద్‌లో అమ్మకానికొచ్చే ప్రతి పాత స్పోర్ట్స్ కారు వెనకా ఒక డాక్టరు గారుంటారు. ఆయన ఆదివారం పొద్దున్నే బండి బయటకు తీసి, నెక్లెస్ రోడ్డు మీద ఒక్క రౌండు వేసి, తెచ్చి కవరు కప్పేస్తారు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కిన పాపాన పోలేదు. బండి వాన చూడలేదు, స్పీడ్ బ్రేకరు దానికి తగల్లేదు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు కాబట్టి ఇప్పుడు మనసు చంపుకుని అమ్ముకుంటున్నారు. జూబ్లీహిల్స్ నుంచి కొంపల్లి దాకా ఉన్న ఇన్ని బాక్స్‌టర్లనీ, ఇన్ని మస్టాంగ్‌లనీ, ఇన్ని జెడ్4లనీ డాక్టర్లే నడిపి ఉంటే ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఓపీ ఎవరు చూశారో నాకర్థం కాదు.

డాక్టరు గారి తరవాత వచ్చే మాట: "సర్వీసు చేయించే పెట్టాం సార్. మీరు స్టార్ట్ చేసి తీసుకెళ్ళడమే." నలభై లక్షల బేరం నడిచేది ఈ ఒక్క ముక్క మీద. ఆ సర్వీసులో ఏం చేశారని అడగడం మర్యాద కాదు. అయినా సిగ్గు విడిచి అడిగితే తేలేదేమిటంటే, ఇంజన్ బేకి నీళ్ళు కొట్టి కడిగారు, పైన నిగనిగలాడే మందేదో పూశారు. ఆయిలు ఎక్కడినుంచి కారుతోందో చెప్పే మరక దాంతో పోయింది. సీట్ల తోలుకి పాలిష్ పట్టారు. ఏసీ గ్రిల్‌కి మల్లెపూల వాసన డబ్బా తగిలించారు. డాష్‌బోర్డు మీద వెలుగుతున్న ఇంజన్ లైటుని స్కానర్ పెట్టి ఆర్పేశారు. లైటు పోయింది, రోగం ఉంది.

ఆర్పినవాళ్ళకి తెలియని సంగతొకటుంది. ఆ లైటు వెనకున్న లోపాల కోడ్లు చెరిపేశాక కారు కంప్యూటరు తన స్వీయ పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. అందుకు బండి రకరకాల వేగాల్లో కొంత తిరగాలి. అప్పటిదాకా స్కానర్ పెట్టినవాడికి ఆ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదనే కనిపిస్తుంది. మొన్ననే చెరిపారు మహాప్రభో అని కారే చెప్పేస్తుందన్నమాట, అడిగే నాథుడుంటే.

ఇక సర్టిఫికెట్ సంగతి. 200 పాయింట్ల తనిఖీ అట! పోర్షె కంపెనీ తన పాత కార్లని తానే పరీక్షించి అమ్మేటప్పుడు 111 పాయింట్లతో సరిపెట్టుకుంటుంది. తయారుచేసినవాళ్ళకి తోచని మిగతా 89 పాయింట్లు మన డీలర్లకి తోచాయి. అలాంటి కాగితం ఒకటి నా చేతికొచ్చింది. హారన్ మోగుతోంది, టిక్. వైపర్లు ఆడుతున్నాయి, టిక్. వెనక సీటు బెల్టులు బాగున్నాయి, టిక్. బండి పోర్షె బాక్స్‌టర్. దానికి ఉన్నవి రెండే సీట్లు, రెండూ ముందరే.

అయినా డీలరును ఎంతని తిట్టుకుంటాం? అమ్మడానికి కూర్చున్నాడు, అమ్ముతాడు. నా గోలంతా కొనేవాళ్ళతో. ఖైరతాబాద్ ఆర్టీఏలో నాలుగు తొమ్మిదుల కోసం లక్షలకి లక్షలు వేలం పాడగల జాతి మనది. డెలివరీకి ముహూర్తం పెట్టిస్తాం, రాహుకాలం చూస్తాం, రంగు రాశికి నప్పుతుందో లేదో కనుక్కుంటాం. పెద్దమ్మ గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ పగలగొడతాం. తప్పేం లేదు, నేనూ దండం పెట్టుకునేవాణ్ణే. కానీ ఇంత తతంగానికీ వెనకాడని చెయ్యి, బండిని ర్యాంపు ఎక్కించి చూడ్డానికి పదో పదిహేనో వేలు అయ్యేసరికి జేబులోంచి బయటికి రాదు. "అనవసరంగా దండగ కదండీ" అంటుంది.

మరి పరీక్ష చెయ్యరా అంటే, చేస్తారు. బావమరిదిని తీసుకెళతారు. ఆయనకి స్విఫ్ట్ ఉంది కాబట్టి కార్ల గురించి అన్నీ తెలుసు. వెళ్ళగానే టైరుని బూటుతో ఒకటి తంతాడు. డోరు తీసి వేస్తాడు, ఆ చప్పుడికి తల పంకిస్తాడు. స్టార్ట్ చేయించి రెండుసార్లు రేజ్ చేయిస్తాడు. "సౌండ్ అదిరింది బావా, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు." బావగారు నిజంగానే కళ్ళు మూసుకుని తీసుకుంటారు.

ఇదే మనుషుల తాతలు సంతలో పాడిగేదెను ఎలా కొనేవారో ఒకసారి గుర్తు చేసుకోండి. నోరు తెరిచి పళ్ళు చూసేవారు. పొదుగు పట్టి చూసేవారు, నాలుగు చన్నుల్లోనూ ధార పడుతోందా లేదా అని చూసేవారు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట తమ కళ్ళెదుటే పాలు పిండించుకునేవారు, ఎందుకంటే అమ్మేవాడు ముందుపూట పిండకుండా పొదుగు బిగేసి తెస్తాడని వాళ్ళకి తెలుసు. దళారి ఎన్ని కబుర్లు చెప్పినా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తెగ్గొట్టేది అవన్నీ అయ్యాకే. మనవడు ఎమ్మెస్ చేసొచ్చి, ఇంజన్ ముందే వేడి చేసి ఉంచిన కారు కొంటాడు.

వేడి చేసి ఉంచడం ఏమిటంటారా? పాత ఇంజన్ లోపాలు ఎక్కువగా తెలిసేది చల్లగా ఉన్నప్పుడు. రాత్రంతా నిలిచిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే పొగ ఏ రంగులో వస్తుందో, లోపల ఏది టకటకమంటుందో తెలిసిపోతుంది. అందుకే మీరు పదకొండింటికి వస్తానంటే పదిన్నరకే అక్కడ ఇంజన్ నడుస్తూ ఉంటుంది. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వెయ్యండి. బాక్స్‌టర్ లాంటి వాటికి ఇంజన్ ఉండేది సీట్ల వెనక, కాబట్టి అక్కడ వెయ్యండి. బావమరిది ముందు బానెట్ ఎత్తి, లోపల ఖాళీ డిక్కీ చూసి కంగారుపడతాడు. పడనివ్వండి.

అసలు పరీక్ష ఎలా ఉంటుందో ఒక గ్యారేజీలో దగ్గరుండి చూశాను. ఆ మెకానిక్ టైరుని తన్నలేదు, మోకాళ్ళ మీద కూర్చుని దాని పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు చదివాడు. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. "కొత్త టైర్లు సార్" అన్న మాట అక్కడే తేలిపోయింది. తరవాత చిన్న మీటరు తీసి మడ్‌గార్డుకీ, తలుపుకీ ఆనించుకుంటూ పోయాడు. కంపెనీలో వేసిన రంగు మందం మామూలుగా వంద, నూటయాభై మైక్రాన్లు. ఒకచోట ఏడొందలు దాటింది. అది రంగు కాదు, లప్పం. నాన్ యాక్సిడెంటల్ అని ప్రమాణం చేసిన అమ్మకందారు ఆ క్షణంలో ఫోను వచ్చినట్టు బయటికి నడిచాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది చివరి ముక్క. మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూశాడు. మీటరు మీద 18,000 కిలోమీటర్లు. కంప్యూటర్లో 2,400 గంటలు. భాగిస్తే గంటకి ఏడున్నర కిలోమీటర్లు! హైటెక్ సిటీ ట్రాఫిక్కుని ఎంత తిట్టుకున్నా ఇది మరీ దారుణం. ఆ డాక్టరు గారు ఆ స్పోర్ట్స్ కారుని ఇన్నేళ్ళూ నడిపారా, దిగి తోసుకుంటూ తిరిగారా? మీటరు వెనక్కి తిప్పినవాడికి గంటల లెక్క తిప్పాలని గుర్తు రాలేదు. పోర్షె కార్లలో ఇంకో పద్దు కూడా ఉంటుంది. ఇంజన్ తన హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో అంచెలంచెలుగా అందులో నమోదవుతుంది. ఆదివారం డాక్టరు గారు ఔటర్ రింగ్ రోడ్డు మీద తప్పు గేరు వేశారో లేదో అక్కడుంటుంది.

కొన్ని బండ్లకి పుట్టుకతోనే వచ్చిన జబ్బులుంటాయి. 1997 నుంచి కొన్నేళ్ళపాటు వచ్చిన బాక్స్‌టర్, 911 కార్ల ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు అని ఒకటుంది. చూడ్డానికి చిన్న ముక్క. అది విరిగిందంటే మొత్తం ఇంజనే పోతుంది. అమెరికాలో యజమానులంతా కలిసి కోర్టుకెక్కితే కంపెనీ రాజీ కుదుర్చుకుంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ బేరింగే లేకుండా చేశారు. తెలిసిన మెకానిక్ ఆయిల్ ఫిల్టరు విప్పి, కోసి, కాగితం మడతల్లో లోహపు రజను ఉందేమో వెతుకుతాడు. మన కొనుగోలుదారు రాత్రి రెండింటిదాకా ఫోన్లో సైలెన్సర్ మోతల వీడియోలు వింటాడు, ఫిల్టరు కోసే వీడియో జోలికి మాత్రం పోడు. పైకప్పు మడిచే బండ్లకైతే చెట్టు కింద పెడితేనే చాలు. చింతాకు, వేపాకు రాలి నీళ్ళు పోయే గొట్టాల్లో పూడుకుంటాయి, వాన నీరు సీటు కిందికి చేరుతుంది. పాత బాక్స్‌టర్లలో తాళాల కంప్యూటరు ఉండేది సరిగ్గా అక్కడే.

నీళ్ళంటే గుర్తొచ్చింది. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. 2023 డిసెంబరులో చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది. ఆ మునిగిన కార్లన్నీ తుక్కుకే పోయాయని నమ్మే అమాయకులుంటే వాళ్ళకి నమస్కారం. ఇన్సూరెన్సు వాళ్ళు టోటల్ లాస్ కట్టిన బండి వేలంలో పోతుంది, ఎక్కడో ఆరుతుంది, ఇంకో ఊళ్ళో మల్లెపూల వాసనతో తేలుతుంది. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి. మొదట్లో కనిపించే పట్టీ కడుగుతారు గానీ, లోపల చుట్టుకున్న ఆ చివరి జానెడు ఎవరూ కడగరు. బురద గీత అక్కడ దొరుకుతుంది.

ఢిల్లీ బండ్లది ఇంకో తీరు. అక్కడ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండి మీద ఆంక్షలొచ్చాక, వయసు దగ్గరపడ్డ కార్లు ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణాదికి వలసొస్తున్నాయి. ధర చూసి మురిసిపోతాం. ఇక్కడ మళ్ళీ జీవిత పన్ను కట్టాలన్న సంగతి టోకెన్ ఇచ్చాక చెబుతారు.

ఇవన్నీ తెలిసినవాళ్ళు కూడా పరీక్ష ఎగ్గొట్టడానికి పెద్ద కారణం ఒకటుంది. బెంగుళూరు పార్టీ! మీరు మెకానిక్ అనే మాట ఎత్తగానే ఆ పార్టీ బయల్దేరుతుంది. సాయంత్రం ఫ్లైటుకి వస్తోంది, పూర్తిగా క్యాష్, చూడకుండానే తీసుకుంటానంది, "మీరు మనవాళ్ళు కాబట్టి ఆపాను అన్నా." దాంతో మనకి చెమటలు పట్టి, అక్కడికక్కడే యాభైవేలు ఫోన్లో కొట్టేస్తాం. నెలల తరబడి అదే బండి అదే షెడ్డులో ఉన్నా, సరిగ్గా మనం ర్యాంపు అన్న రోజే ఆ ఫ్లైటు ఎందుకొచ్చిందో ఆలోచించం. పాత కార్ల బజారులో అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోవడం వల్ల మంచి బండ్లు మెల్లగా బజారు నుంచే తప్పుకుంటాయని 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త రాశాడు. 2001లో నోబెల్ పంచుకున్నాడు. ఆ బజారులో అందరికన్నా ఎక్కువ ఉపయోగపడే మనిషిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు, బెంగుళూరు పార్టీని.

"ఎంత మంచి బండైనా మెకానిక్ ఏదో ఒక వంక చెబుతాడు" అని ఇంకొందరు నసుగుతారు. పాత బండి కదా నాయనా, వంక లేకుండా ఎలా ఉంటుంది? వంకలు తెలుసుకుని ధర తగ్గించుకోడానికే కదా ఆ కాగితం. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి, మార్చలేదా, రాసుకోండి. టైర్లు ముదిరాయా, నాలుగింటి ధర రాసుకోండి. ప్లగ్గులు, బుష్‌లు, గేర్‌బాక్స్ ఆయిల్, అన్నీ కలిపి బేరంలో కొట్టండి. సర్వీసు డీలరు చేయించి పెట్టక్కర్లేదు, ఆ డబ్బు ధరలో తగ్గిస్తే చాలు. మీ గ్యారేజీలో, మీ కళ్ళ ముందు చేయించుకుంటారు.

కాగితాలు కూడా అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలరుకి రవాణా శాఖ ఆథరైజేషన్ ఉండాలన్న నిబంధన అమల్లో ఉంది. బండి బయటికి తీసిన ప్రతిసారీ ఎందుకు తీశారో, ఎవరు నడిపారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రిజిస్టరులో రాయాలి. డాక్టరు గారు తాళాలు అప్పగించాక ఆ కారులో గండిపేట దాకా రీల్సు తీసుకున్న కుర్రాళ్ళెవరో అందులో ఉండాలి.

ఈ ఆదివారం మీరు కారు చూడ్డానికి వెళుతుంటే బావమరిదిని ఇంట్లోనే ఉండనివ్వండి. పొద్దున ఏడింటికే వెళ్ళండి, చెప్పకుండా వెళ్ళినా నష్టం లేదు. ఆ డీలరుకి ఏ సంబంధమూ లేని గ్యారేజీ పేరు చెప్పి, టోకెన్‌కి ముందే బండిని అక్కడ ర్యాంపు ఎక్కిద్దామనండి. సరేనంటే వెళ్ళండి. కుదరదన్నాడా, పరీక్ష అక్కడే పూర్తయింది, ఫీజు కూడా మిగిలింది. టిఫిన్ తినేసి ఇంటికొచ్చేయండి.