చింతపండు మెరుగు

1911 నాటి అయిదో జార్జి రూపాయి ఒకటి అమ్మకానికి వచ్చిందనుకోండి. వందేళ్ళు దాటిన వెండి. అయినా నిన్న పెళ్ళికి కొన్న వెండి గ్లాసులా తళతళలాడుతోంది. అమ్మే ఆయన మాట సిద్ధంగా ఉంటుంది: "ఒరిజినల్ షైనింగ్ సార్! ఆ సన్న గీతలంటారా, నేచురల్ వేర్. ఎన్ని చేతులు మారిందో!"

చేతులు మారిందట. చేతులు మారే నాణెం ముందుగా మిట్టల మీద అరుగుతుంది. రాజుగారి గడ్డం, చెవి, కిరీటం నున్నబడతాయి. పల్లాల జోలికి కాలం అంత తొందరగా పోదు. అక్షరాల సందుల్లో నలుపు అలాగే కూర్చుని ఉంటుంది. ఈ రూపాయిలో మాత్రం గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. బొమ్మ వెనకున్న ఖాళీ జాగా నిండా మాత్రం గీతలు! అంటే కాలం మిట్టల్ని మర్యాదగా తప్పించుకుని పల్లాల్లోకి దిగి, అదీ ఒకే దిక్కుకు రుద్దుకుంటూ పోయిందని మనం నమ్మాలి. చరిత్రకు బ్రష్ పట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో!

చింతపండు, నిమ్మచెక్క, బూడిద, టూత్‌పేస్టు. ఇదీ మన పురావస్తు పరిరక్షణ శాఖ. "మురికి వదిలించానంతే" అంటారు. వెండి మీది నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం సోకి వెండే అలా మారింది. ఆ పొరను ఊడ్చేస్తే అందులోని వెండీ దాంతోనే పోతుంది. టంకశాలలో అచ్చు దెబ్బకు లోహం అంచుల వైపు పారి, కంటికి ఆనని రేఖలు పడతాయి. వాడకంలో పడని నాణేన్ని తిప్పితే వెలుగు పట్టీ చుట్టూ పరుగెత్తేది వాటివల్లే. రసాయనంలో పదే పదే ముంచితే ఆ రేఖలు కరిగిపోయి, కదలిక లేని తెల్లదనం మిగులుతుంది. దానికి పెట్టిన పేరు "మింట్ కండిషన్". ఇక 1835 నాటి కంపెనీ వారి రాగి పావు అణాను తోమితే గులాబీ రంగు తేలుతుంది. అదీ ఒరిజినలేనట!

1911 రూపాయిలో రాజుగారి వస్త్రం మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రేగితే, 1912లో తొండం సరిదిద్దారు. మన తోముడు నిపుణులు తలుచుకుంటే 1912 ఏనుగును మళ్ళీ పందిని చేసి "అరుదైన పంది రూపాయి" అని అమ్మగలరు. అడ్డమల్లా తేదీ. దాన్నీ కాస్త తోమితే సరి.

నిజాం చార్మినార్ రూపాయికీ తప్పలేదు ఈ అభ్యంగనం. గుమ్మంలో చిన్న అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్‌దైతే ఐన్. మినార్లు అరిగి, ఆ గుమ్మం మూలలు మాత్రం కొత్త వెండిలా మెరుస్తుంటే అక్కడిదాకా దూరింది కాలం కాదు, పుల్లకు చుట్టిన దూది.

గ్రేడింగు సంస్థలకు 70 మార్కుల కొలబద్ద ఉంది. అరిగి బోడి అయిన నాణేనికి ఒకటో రెండో మార్కులైనా దక్కుతాయి. పాడయ్యేలా తోమినదానికి మామూలుగా అంకే వెయ్యరు, "క్లీన్డ్" అని రాసి పంపుతారు. పేదరికానికి మార్కులున్నాయి గానీ మేకప్‌కు లేవన్నమాట.

కొనేవారికి ఒక మాట: ఒకే బల్బు కింద అంచులు పట్టుకుని నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. గీతలన్నీ ఒకే వైపుకు మెరిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. అమ్మేవారూ, మీ నాణెం, మీ చింతపండు, మీ ఇష్టం. రసీదు మీద మాత్రం "తోమినది" అని రాసివ్వండి.