వారసత్వం వంద మైళ్లు దాటితేనే!

చింతలపూడి బాబుగారు హైదరాబాదు వెళ్లొచ్చారు. 1591 నాటి చార్మినార్ ఎదుట నిలబడి, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచి, ‘వారసత్వమంటే ఇదీ!’ అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. కప్పు ఏ నీళ్లతో కడిగారో అడగలేదు. చరిత్ర ముందు శుభ్రత ఏపాటిది లెండి!

ఊరొచ్చాక బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి కనబడగానే ముక్కు మూసుకున్నారు. ‘ఆ నూనె ఎన్నాళ్లదో’ అన్నారు. ట్రాఫిక్‌కు అడ్డమని ఫిర్యాదూ చేశారు. (నడిరోడ్డు మీద కారు ఆపింది మాత్రం తమరే.)

బండిని తోసేయించడం అంత తేలిక కాదు బాబూ. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ బండ్లవాళ్లే ఉండాలి. 2023లో కేంద్రం శుభ్రమైన వీధి తిండి కోసం ఫుడ్ స్ట్రీట్‌కు కోటి చొప్పున ఇస్తామంది, అదీ దేశమంతటికీ కలిపి వందింటికే. మన వంతు వచ్చేసరికి బజ్జీ చల్లారిపోతుంది. అందాకా, ఫిర్యాదు రాసిన ఆ చేత్తోనే, బండ్ల దగ్గర ఓ కుళాయి, ఓ చెత్తడబ్బా పెట్టించమని నగర పంచాయతీకి అర్జీ రాయండి.